బానలు పాతిన నేల: జార్జియాలో ద్రాక్ష కోత రోజులు

శనివారం, తిబిలిసి

జార్జియా రాజధాని తిబిలిసిలో ఎటు తిరిగినా 8000 అన్న అంకె కనిపిస్తుంది. టీషర్టుల మీద, వైన్ షాపుల అద్దాల మీద, ఫ్రిజ్‌కి అంటించుకునే అయస్కాంతం బిళ్లల మీద. ఎనిమిది వేల ఏళ్లుగా వైన్ చేస్తున్నాం అని చెప్పుకోవడం వీళ్లకి గర్వమూ, వ్యాపారమూ. నల్ల సముద్రానికీ కాకసస్ కొండలకీ మధ్య ఇరుక్కున్న ఈ దేశం విస్తీర్ణంలో తెలంగాణలో మూడింట రెండు వంతులు కూడా ఉండదు. జనాభా 40 లక్షల లోపే. మన ఊళ్లలో జార్జియా పేరు కనపడేది ఎక్కువగా ఎంబీబీఎస్ కన్సల్టెన్సీల బోర్డుల మీదే.

మా మేనకోడలు అలా వచ్చి చేరిందే. యూనివర్సిటీ చుట్టుపక్కల వీధుల్లో నడిస్తే వరంగల్ యాసా, గుంటూరు యాసా రెండూ చెవిన పడతాయి. మొదటి ఏడాది జార్జియన్ భాష కూడా చదివించారు కాబట్టి అమ్మాయికి బేరమాడేంత, గొడవపడేంత భాష వచ్చింది. ఇంటి ఓనరమ్మతో బాగా కలిసిపోయింది. ఆవిడ తమ్ముడిది తూర్పున కాఖేతి ప్రాంతంలో, తెలావి దగ్గర ఒక పల్లె. ద్రాక్ష కోత సమయం, రమ్మన్నారు. వైన్ చరిత్ర చూడాలని నేను, సెలవులు దొరికాయని తను. అలా కుదిరింది ప్రయాణం.

ముందు రుస్తవేలి అవెన్యూలోని నేషనల్ మ్యూజియం. నేను వెతుక్కుంటూ వెళ్లింది ఒక మట్టి జాడీ కోసం. క్రామిస్ దిది గోరా అనే దిబ్బలో దొరికింది. సుమారు మీటరు ఎత్తు, అంతే వెడల్పు, 300 లీటర్లు పట్టేంత పొట్ట. అంచు దగ్గర చిన్న చిన్న మట్టి ముద్దలు గుత్తులుగా అంటించారు. అవి ద్రాక్ష గుత్తులని అంటారు. కావచ్చు. చూడాలనుకుంటే కనిపిస్తాయి, అనుకోకపోతే మట్టి ముద్దలే.

అసలు సాక్ష్యం కంటికి కనపడేది కాదు. తిబిలిసికి దక్షిణంగా 50 కిలోమీటర్ల దూరంలో షులవెరిస్ గోరా, గదాచ్రిలి గోరా అని రెండు రాతియుగపు దిబ్బలున్నాయి. అక్కడ దొరికిన జాడీల అడుగు పెంకులు మట్టిలో పీల్చుకుని దాచుకున్నదేమిటో రసాయన పరీక్షలు చేసి చూశారు. టార్టారిక్ ఆమ్లం దొరికింది. ఈ ప్రాంతంలో అది అంత మోతాదులో ద్రాక్షలోనే ఉంటుంది. దానికి తోడు మాలిక్, సక్సినిక్, సిట్రిక్ ఆమ్లాలు. క్రీ.పూ. 6000 నుంచి 5800 మధ్య కాలానివని తేల్చారు. 2017లో ఈ ఫలితాలు అచ్చయ్యే దాకా మొదటి స్థానం ఇరాన్‌లోని హాజీ ఫిరూజ్ తెపేది. ఒక్కసారిగా ఇంకో ఆరు వందల ఏళ్లకు పైగా వెనక్కి జరిగింది కథ. పులియబెట్టిన పానీయం చైనాలోని జియాహులో ఇంకా పాతది దొరికింది గానీ, అది బియ్యం, తేనె, పండ్లు కలగలిపింది. అచ్చంగా ద్రాక్షతో చేసినదాని వరకు ప్రస్తుతానికి గెలుపు వీళ్లదే.

సాయంత్రం పాత ఊళ్లోకి దిగితే కొండ మీద కార్త్లిస్ దెదా కనిపించింది, 20 మీటర్ల అల్యూమినియం తల్లి విగ్రహం. తిబిలిసికి 1500 ఏళ్లు నిండాయని 1958లో నిలబెట్టారు. ఒక చేతిలో కత్తి, ఒక చేతిలో వైన్ పాత్ర. వచ్చేది మిత్రుడైతే ఇది, శత్రువైతే అది. దిగువనున్న సియోని చర్చిలో సెయింట్ నీనో శిలువ ఉంది. నాలుగో శతాబ్దంలో ఈ దేశానికి క్రైస్తవం తెచ్చిన ఆవిడ, ద్రాక్ష తీగ కొమ్మలు రెండు తీసుకుని తన జుట్టుతోనే కట్టి శిలువ చేసిందని కథ. అందుకే ఆ శిలువ అడ్డచేతులు కిందికి వాలి ఉంటాయి. మతం కూడా ద్రాక్ష తీగ పట్టుకునే వచ్చిందన్నమాట.

ఆదివారం, మార్నెఉలి

ఆ దిబ్బలున్న మైదానానికి వెళ్లొచ్చాం. వెళ్లకపోయినా నష్టం లేదు. తవ్విన చోట పెద్దగా చూడ్డానికేమీ లేదు, ఇమిరి ఊరి పక్కన పొలాల మధ్య మెత్తటి దిబ్బలు, అంతే. కానీ ఒకటి మాత్రం గమనించాను. ప్రపంచంలోకెల్లా పాత వైన్ దొరికిన ఈ మైదానంలో ఇప్పుడు కళ్లకు కనపడేవి ఆలూ, కూరగాయల తోటలు. ఇక్కడ ఎక్కువ మంది అజర్‌బైజానీ మాట్లాడే ముస్లింలు. టీ దుకాణం దగ్గర మాకు వైన్ కాదు, నడుం సన్నగా ఉండే గాజు గ్లాసుల్లో టీ ఇచ్చారు.

‘8000 ఏళ్ల అవిచ్ఛిన్న సంప్రదాయం’ అన్న మాటను ఇక్కడ నిలబడి చూస్తే కాస్త నెమ్మదిగా మింగాలనిపిస్తుంది. ఆ రాతియుగపు జాడీల అడుగు చదునుగా ఉంటుంది. ఇప్పుడు వాడే బానల అడుగు కోసుగా ఉంటుంది, మెడ దాకా భూమిలో పాతుతారు. రెండూ ఒకటి కావు. మధ్యలో ఎన్ని వేల ఏళ్లలో ఏమేం మారిందో చెప్పే గొలుసులో చాలా లంకెలు లేవు. వైన్ పాతదే, సందేహం లేదు. కానీ నాకు ఆ మొదటి వెయ్యేళ్ల కంటే చివరి నూరేళ్లే ఎక్కువ కుతూహలం. ఈ పద్ధతి పుట్టడం విశేషమే గానీ, ఇరవయ్యో శతాబ్దాన్ని దాటుకుని ఎలా బతికింది?

సోమవారం, గోంబోరి మీదుగా వర్దిసుబాని

ఓనరమ్మ తమ్ముడు పొద్దున్నే పాత జీపులో వచ్చాడు. అరవై దాటిన మనిషి, చేతులు గరుకు. మాటల్లో మేం ఆయన్ని బాబాయ్ అనే అనుకున్నాం. గోంబోరి కనుమ 1620 మీటర్ల ఎత్తు. రోడ్డు మెలికలు తిరుగుతుంటే అమ్మాయి కిటికీ వైపు తల పెట్టి కళ్లు మూసుకుంది. దిగడం మొదలెట్టాక ఒక మలుపులో కాఖేతి మొత్తం ఒక్కసారి బయటపడుతుంది. మధ్యలో అలజాని నది, దానికి రెండు పక్కలా కనుచూపు మేర ద్రాక్ష తోటలు, ఆవల మంచు అంచున్న కాకసస్ గోడ. దేశంలోని ద్రాక్ష తోటల్లో అత్యధిక భాగం ఈ ఒక్క ప్రాంతంలోనే.

తెలావి పక్కనే వర్దిసుబాని. క్వెవ్రి చేసే కుటుంబాలు దేశంలో చాలా కొద్ది ఊళ్లలోనే మిగిలాయి. ఇక్కడ, పశ్చిమాన ఇమెరెతిలో ష్రోషా, మకతుబాని. క్వెవ్రి అంటే ఆ పెద్ద బాన. ఇంట్లో వాడుకునేవి కొన్ని వందల లీటర్లవి, మఠాల్లో వేల లీటర్లవి ఉంటాయి. మనిషి లోపలికి దిగి నిలబడేంత.

షెడ్డులో ఏడెనిమిది బానలు వేర్వేరు ఎత్తుల్లో ఉన్నాయి. ఒకటి మోకాలి దాకా, ఒకటి నడుం దాకా, ఒకటి మనిషిని దాటిపోయింది. చక్రం లేదు. బాన కదలదు, కుమ్మరే దాని చుట్టూ తిరుగుతాడు. మణికట్టంత లావు మట్టి కడ్డీ భుజాన వేసుకుని, అంచు లోపలి వైపు అతికిస్తూ, బొటనవేలితో కిందికి లాగుతూ, ఎడం చెయ్యి బయట ఆనించి, వెనక్కి వెనక్కి అడుగులు వేస్తూ ఒక చుట్టు పూర్తి చేశాడు. ఆ చుట్టుతో జానెడు కూడా పెరగలేదు. ఇక దాన్ని వదిలేసి పక్క బాన దగ్గరికి పోయాడు. ఇది కాస్త గట్టిపడాలి, లేకపోతే పై బరువుకి కింది గోడ ఉబ్బి కూలుతుంది. అందుకే ఒకేసారి అన్నిటినీ కొంచెం కొంచెంగా లేపుతారు. ఇలా ఒక పెద్ద బాన పూర్తవడానికి నెలలు పడుతుంది.

కాల్చడం ఇంకో తంతు. ఇంటి గదంత బట్టీలో బానలు నిలబెట్టి, గుమ్మాన్ని ఇటుకలతో మూసి, అడుగున కట్టెలు పెట్టి వారం దాకా రాత్రీ పగలూ మంట ఆరకుండా చూస్తారు. వేడి వెయ్యి డిగ్రీల పైమాటే. చల్లారాక ఒక్కోసారి ఒకటో రెండో పగిలి ఉంటాయి. నెలల పని పోయినట్టే. ‘అప్పుడేం చేస్తారు?’ అని అడిగించాను. కుమ్మరి మా అమ్మాయి వంక చూసి ఏదో అన్నాడు, బాబాయ్ పకపకా నవ్వాడు. ‘ఏమన్నాడే?’ అంటే, ‘వైన్ తాగుతాం అన్నాడు మావయ్యా, ఇంకేం చేస్తారు?’ అంది.

బాన ఇంకా వెచ్చగా ఉండగానే లోపలి గోడకి తేనెమైనం పూస్తారు. పూత పొరగా నిలవదు, మట్టి రంధ్రాల్లోకి ఇంకిపోతుంది. బయట సున్నం పట్టిస్తారు. తర్వాత మెడ దాకా పాతడమే. భూమిలో చల్లదనం ఏడాది పొడుగునా పెద్దగా మారదు. ఎండాకాలం అని లేదు, మంచు కాలం అని లేదు. కరెంటూ ఫ్రిజ్జూ లేని రోజుల్లో ఇంతకంటే మంచి ఏర్పాటు ఎవరు చేస్తారు?

సోవియట్ ఫ్యాక్టరీలకు ఈ బానలు అక్కర్లేదు. వాళ్లవి పెద్ద పెద్ద ట్యాంకులు. ఆ దశాబ్దాలన్నీ కుమ్మరుల దగ్గర కొన్నది మామూలు ఇళ్లవాళ్లే, ఇంట్లో తాగడానికి చేసుకునేవాళ్లు. కుమ్మరి కుటుంబాలు చాలావరకు మానేశాయి. 2013లో యునెస్కో ఈ పద్ధతిని వారసత్వ జాబితాలో చేర్చాక ఆర్డర్లు పెరిగాయి. ఇటలీ నుంచి, ఇంకా ఎక్కడెక్కడి నుంచో అడుగుతున్నారట. ఇటలీ, స్లోవేనియా సరిహద్దులో వైన్ చేసే యోష్కో గ్రావ్‌నర్ 2000లో ఇక్కడికి వచ్చి చూసి, మర్నాటి ఏడాది నుంచి తన స్టీలు ట్యాంకులు వదిలి క్వెవ్రిలకు మారిపోయాడు. పక్కింటి వైద్యానికి విలువ పొరుగూరి వాడు మెచ్చుకున్నాకే అన్నది ఇక్కడా అంతే.

మంగళవారం, అలావెర్ది, ఇకాల్తో

అలావెర్ది చర్చి మైదానం మధ్యలో ఒంటరిగా లేచి ఉంటుంది. 11వ శతాబ్దంలో కట్టింది, ఎత్తు 50 మీటర్ల పైనే. 2004లో తిబిలిసిలో సమేబా పూర్తయ్యేదాకా దేశంలో ఇదే ఎత్తైన చర్చి. ఆడవాళ్లు తలకి గుడ్డ, నడుముకి పాత చీర ముక్కలాంటి చుట్టుడు గుడ్డ కట్టుకోవాలి. మా అమ్మాయి చున్నీ పనికొచ్చింది. లోపల సన్యాసులు వైన్ చేస్తారు. వాళ్ల సీసాల మీద 1011 అని ఉంటుంది, అంటే ఆ ఏడాది నుంచీ చేస్తున్నామని. అయితే మధ్యలో సోవియట్ రోజుల్లో మఠమూ లేదు, వైనూ లేదు. మళ్లీ మొదలెట్టింది 2006లో. ఆ మరానీని, అంటే బానలు పాతిన గదిని, గుమ్మంలోంచే చూడనిచ్చారు. నేల మీద వరసగా గుండ్రటి నోళ్లు. అంతే. కింద ఎంత ఉందో పైకి తెలియదు.

నాకు ఇంకా నచ్చింది ఇకాల్తో. సైప్రస్ చెట్ల మధ్య కప్పు లేని పొడుగాటి రాతి గోడలు. 12వ శతాబ్దంలో దావీద్ రాజు కాలంలో ఇక్కడ అకాడమీ నడిచింది. తత్వశాస్త్రం, ఖగోళం, వ్యాకరణంతో పాటు వైన్ చెయ్యడం కూడా నేర్పేవారని చెబుతారు. వీళ్ల మహాకవి షోతా రుస్తవేలి ఇక్కడే చదివాడని కూడా చెబుతారు. ఏ ఊళ్లో అడిగినా రుస్తవేలి తమ దగ్గరే చదివాడంటారేమో తెలీదు గానీ, ద్రాక్ష రసం పిండిన రాతి తొట్లు, గడ్డిలో పక్కకి ఒరిగి పడున్న పాత బానలు మాత్రం ఎదురుగానే ఉన్నాయి. కొన్ని చీలిపోయాయి. ఒకదాంట్లో తొంగి చూస్తే ఎండుటాకులు, ఒక కుక్కపిల్ల.

1616లో ఇరాన్ షా అబ్బాస్ సైన్యం ఇకాల్తోని తగలబెట్టింది. ఆ రెండు మూడేళ్లలో కాఖేతి అనుభవించింది అంతా ఇంతా కాదు. రాజధాని గ్రెమి నేలమట్టమైంది. వేల కుటుంబాలను పట్టుకెళ్లి ఇరాన్‌లో స్థిరపెట్టారు. ఫెరెయ్‌దాన్ ప్రాంతంలో వాళ్ల వారసులు ఇప్పటికీ జార్జియన్ మాట్లాడుతున్నారు. సాయంత్రం గ్రెమి కూడా చూశాం. కొండ మీద కోట చర్చి మిగిలింది. కింద ఊరు లేదు. రాజధాని తెలావికి మారింది.

బుధవారం, త్సినందాలి

ఇది రాజావారి కథ. అలెగ్జాండర్ చావ్‌చావాద్జే, పుట్టింది 1786లో. నాన్న జార్జియా రాజు తరఫున రష్యా దర్బారులో రాయబారి. రష్యా మహారాణి కేథరిన్ ఈయనకి జ్ఞానస్నానపు తల్లి. కవి, సైనికుడు. రష్యా సైన్యంలో చేరి నెపోలియన్ మీద యుద్ధం చేసి పారిస్ దాకా వెళ్లొచ్చాడు. మరోపక్క రష్యా పాలన మీదే తిరగబడిన కుట్రల్లోనూ ఉన్నాడు. శిక్షా పడింది, క్షమాభిక్షా దొరికింది. యూరప్ చూసొచ్చిన మనిషి కాబట్టి త్సినందాలిలో యూరప్ తోట వేశాడు, యూరప్ పద్ధతిలో వైన్ మొదలుపెట్టాడు. అంటే తొక్కలు తీసేసి రసం మాత్రమే పులియబెట్టి, చెక్క పీపాల్లో పెట్టడం, సీసాల్లో నింపడం. ఆయన నేలమాళిగలో 1841 నాటి సాపెరావి అనే నల్ల ద్రాక్ష వైన్ సీసాలు ఇప్పటికీ ఉన్నాయి. దుమ్ము కూడా తుడవరు, అదే అలంకారం.

ఇంట్లో అద్దాల బల్లలూ, పియానో చూపిస్తూ గైడమ్మ చకచకా చెప్పుకుపోయింది. నాకు మాత్రం ఆ ఇంటి ఆడపిల్లల కథలే మనసులో నిలిచాయి. పెద్దమ్మాయి నీనోని 1828లో రష్యన్ రచయిత గ్రిబొయెదోవ్ పెళ్లాడాడు. ఆమెకి అప్పటికి పదహారేళ్లు నిండలేదు. మర్నాటి ఏడాది మొదట్లోనే టెహ్రాన్‌లో రాయబారిగా ఉన్న ఆయన్ని మూక చంపేసింది. ఆవిడ మళ్లీ పెళ్లి చేసుకోలేదు. తర్వాత, 1854లో, కాకసస్ కొండల్లో రష్యా మీద పోరాడుతున్న ఇమామ్ షమీల్ మనుషులు కొండ దిగి వచ్చి ఇంటిని దోచి, తగలబెట్టి, కోడలు ఆన్నాని, ఆమె తోబుట్టువుని, పసిపిల్లల్ని, పిల్లలకి చదువు చెప్పే ఫ్రెంచి ఆవిడని కూడా గుర్రాల మీద ఎత్తుకుపోయారు. ఎనిమిది నెలలు బందీలుగా ఉంచారు. చివరికి, చిన్నప్పుడు రష్యన్ల చేతిలో పడిపోయిన షమీల్ కొడుకు, దానికి తోడు 40,000 వెండి రూబుళ్లు ఇచ్చాక వదిలారు. ఆ అప్పుల దెబ్బకి ఎస్టేటు కుటుంబం చేతులు దాటి జార్ ఆస్తిలో కలిసింది. 1886 నుంచి త్సినందాలి పేరుతోనే తెల్ల వైన్ సీసాలు వస్తున్నాయి.

రుచి చూపించారు. శుభ్రంగా, పుల్లగా, తేలిగ్గా ఉంది. బాగుంది. కానీ ఇలాంటిది ఫ్రాన్స్‌లోనూ దొరుకుతుంది కదా అనిపించింది.

గురువారం, బాబాయ్ వాళ్ల తోట

కోత మొదలైంది మంచు తడి ఆరకముందే. బంధువులు, ఇరుగుపొరుగు అంతా కలిసి ఇరవై మంది దాకా. కత్తెరలు, బకెట్లు. ర్కాత్సితెలి అనే తెల్ల ద్రాక్ష పండ్లు, ఎండ తగిలిన వైపు గోధుమ మచ్చలతో, పసుపుపచ్చగా. ఒక్కోటి నోట్లో వేసుకుంటే మన అనాబ్-ఎ-షాహి అంత కండ ఉండదు. గింజలు, తొక్క, తీపి. కందిరీగలు ముసురుతుంటాయి. మా అమ్మాయిని ఒకటి కుట్టనే కుట్టింది. బాబాయ్ వాళ్లమ్మ వెల్లుల్లి రెబ్బ రుద్ది, మెడిసిన్ చదివే పిల్లకి వైద్యం చేసింది.

మరానీ ఇంటి కిందే. పొడుగాటి చెట్టు మానుని తొలిచిన తొట్టి ఒకటి గోడ వార ఉంది, తాతల నాటిది. ఇప్పుడు చేత్తో తిప్పే యంత్రంతో నలుపుతున్నారు గానీ, పిల్లల సరదా కోసం చివర్లో ఒక తడవ తొట్టిలో పోసి కాళ్లతో తొక్కించారు. ప్యాంటు పైకి మడిచి నేనూ దిగాను. చల్లగా, జారుడుగా, కాడలు గుచ్చుకుంటూ ఉంటుంది. రసం సన్నటి కాలువలా బానలోకి దిగిపోయింది. వెనకే తొక్కలు, గింజలు, కొన్ని కాడలు కూడా తోసేశారు. కాఖేతి పద్ధతిలో తెల్ల ద్రాక్షనైనా ఇలా అన్నిటితో కలిపే పులియబెడతారు. రంగు అందుకే చిక్కటి టీడికాషన్‌లా వస్తుంది, వగరు కూడా ఎర్ర వైన్‌కి ఉన్నంత ఉంటుంది.

అంతకుముందు రోజే బాన కడిగారు. చెర్రీ చెట్టు బెరడు పొరలు గుచ్చి పొడుగాటి కర్రకి కట్టిన చీపురుతో రుద్దడం, నీళ్లు తోడడం, మళ్లీ రుద్దడం. నీళ్లు తేటగా వచ్చే దాకా. ‘ఇదే అసలు పని, మిగతాది బాన చూసుకుంటుంది’ అన్నాడు బాబాయ్. ఇక రెండు మూడు వారాలు రోజుకి కొన్నిసార్లు తేలిన తొక్కల గడ్డని కర్రతో కిందికి నొక్కాలి. పొంగు తగ్గి తొక్కలు అడుక్కి దిగాక రాతి పలక మూసి, అంచుల్లో తడి బంకమన్ను మెత్తుతారు. ఆవకాయ జాడీకి వాసెన కట్టే మా అమ్మ శ్రద్ధే ఇది కూడా. గాలి చొరబడిందా, ఏడాది శ్రమ గంగపాలు. అడుగు కోసుగా ఉండడం అప్పుడు పనికొస్తుంది. గింజలు ముందు దిగి కొసలో పడతాయి, వాటి మీద తొక్కలు కప్పుకుంటాయి, కాబట్టి గింజల చేదు వైన్‌లోకి ఎక్కువగా దిగదు. వసంతం దాకా దాన్ని ముట్టుకోరు.

మధ్యాహ్నం భోజనం ఎంతసేపు సాగిందో చెప్పలేను. ఎండిన ద్రాక్ష కొమ్మల నిప్పుల మీద మాంసం కాల్చారు. వంకాయ ముక్కల్లో వాల్‌నట్ ముద్ద పెట్టి చుట్టిన బద్రిజాని చూసి మా ఇద్దరికీ ప్రాణం లేచొచ్చింది. తోనె అనే మట్టి పొయ్యి గోడకి అంటించి కాల్చిన రొట్టె, పుల్లటి ప్లమ్ పండ్ల పచ్చడి. నేను గ్లాసు నోటి దాకా తీసుకెళ్లానో లేదో, ‘ఆగండి మావయ్యా, తమదా చెప్పేదాకా తాగకూడదు’ అని అమ్మాయి మోచెయ్యి పొడిచింది. తమదా అంటే ఆ పూటకి భోజనం బల్ల పెద్ద. లేచి నిలబడి దేవుడి పేర, శాంతి పేర, దేశం పేర, పోయినవాళ్ల పేర, పిల్లల పేర ఒక్కోసారి ఒక్కో ప్రసంగం చేస్తాడు. పోయినవాళ్ల పేర చెప్పినప్పుడు బాబాయ్ కళ్లు తుడుచుకున్నాడు. ఇంత ఉదాత్తమైన మాటలూ మగవాళ్లే చెప్పారు. ఆడవాళ్లు పళ్లేలు మోస్తూనే ఉన్నారు. మా అమ్మాయి వంటింట్లోకి పోయి వాళ్లతో కూర్చుంది. అక్కడే మంచి కబుర్లు దొరికాయని తర్వాత చెప్పింది.

సాయంత్రం బాబాయ్‌ని కదిపాను. కుర్రతనంలో ఆయన ప్రభుత్వ వైన్ ఫ్యాక్టరీలో పని చేశాడు. 1929లో సామ్‌ట్రెస్ట్ అనే ప్రభుత్వ సంస్థ పెట్టి వైన్ అంతా దాని కిందికి తెచ్చారు. జార్జియాకి సొంతమైన ద్రాక్ష రకాలు ఐదు వందలకు పైగా ఉంటే, ఫ్యాక్టరీలకి కావలసింది బాగా కాసే కొద్ది రకాలే. రైతుకి డబ్బు బరువుని బట్టి. రుచి ఎవరిక్కావాలి? మాస్కోకి తియ్యటి వైన్ కావాలి, రైలు ట్యాంకులు నిండాలి. ఎవరి పెరడు వాళ్లకి మిగిలింది కాబట్టి ఇంట్లో బాన మాత్రం నడిచింది. పగలు ఫ్యాక్టరీలో ఒక వైన్ చేసి, ఇంటికొచ్చి ఇంకోటి తాగేవాళ్లం అన్నాడు.

1985లో గోర్బచేవ్ మద్యం మీద యుద్ధం ప్రకటించాడు. సోవియట్ దేశం అంతటా వైన్ ద్రాక్ష తోటలు నరికించారు. తమ సామూహిక క్షేత్రంలో ఒక వాలు మొత్తం ట్రాక్టర్‌తో పీకించారని బాబాయ్ చెయ్యి చాపి చూపించాడు. అక్కడిప్పుడు గోధుమ. ఆ తర్వాత సోవియట్ కూలింది, అంతర్యుద్ధాలు, కరెంటు లేని చలికాలాలు. వైన్ పేరుతో ఏ నీళ్లు పోసి అమ్మినా రష్యాలో అమ్ముడుపోయిన రోజులవి. 2006 మార్చిలో రష్యా హఠాత్తుగా జార్జియా వైన్‌ని నిషేధించింది. పురుగుమందులు, మలినాలు అని కారణం చెప్పింది. రాజకీయ కారణమని లోకమంతా అనుకుంది. ఎగుమతిలో ఐదింట నాలుగు వంతులు వెళ్లే దారి ఒక్క రోజులో మూసుకుపోయింది.

‘ఆ ఏడాది పంట ఏం చేశారు?’

‘ఏం చేస్తాం? బానల్లో పోశాం’ అన్నాడు.

ఈ ఒక్క మాట వినడానికే ఇంత దూరం వచ్చాననిపించింది. షా అబ్బాస్ వచ్చినా, జార్ వచ్చినా, ప్లాన్ కమిటీ వచ్చినా, కొనేవాడు తలుపు మూసినా, ఇంటి కింద గొయ్యిలో ఉన్న బాన ఎవరి లెక్కల్లోనూ లేదు కాబట్టే మిగిలింది. 2006 తర్వాతే చిన్న రైతులు ఇంటి వైన్‌ని సీసాల్లో పోసి పేరు పెట్టి యూరప్‌కీ, జపాన్‌కీ, అమెరికాకీ పంపడం నేర్చుకున్నారు. నిషేధం చేసిన మేలు అనను. చాలామంది దివాళా తీశారు. కానీ నాణ్యత గురించి ఆలోచించక తప్పని పరిస్థితి తెచ్చింది మాత్రం అదే.

శుక్రవారం, క్వారెలి

కొండని తొలిచిన సొరంగాల్లో వైన్ దాచే చోటు. మొత్తం పొడుగు ఏడు కిలోమీటర్ల పైనే. లోపల ఎప్పుడూ 12 నుంచి 14 డిగ్రీలు. రంగు లైట్లు, బస్సుల కొద్దీ టూరిస్టులు, సెల్ఫీలు. పావుగంటలో బయటికొచ్చేశాం. క్వారెలి పేరు చెబితే కిండ్జ్‌మరావులి గుర్తు చేసుకోవాలి. సాపెరావి ద్రాక్షతో చేసే కాస్త తియ్యటి ఎర్ర వైన్. స్టాలిన్‌కి ఇష్టమని ప్రచారం. సాపెరావిలో ఒక వింత ఉంది. చాలా నల్ల ద్రాక్షలకి రంగు తొక్కలోనే, దీనికి కండ కూడా ఎర్రనే. పిడికిట్లో నలిపితే వేళ్ల సందుల్లోంచి ముదురు ఎరుపు కారింది. సాయంత్రానికి కూడా గోళ్ల కింద పోలేదు.

శనివారం, సిగ్నాగి

కొండ అంచున, 18వ శతాబ్దంలో ఎరెక్లె రాజు కట్టించిన కోట గోడల లోపల ఎర్ర పెంకుల ఊరు. పక్కనే బోద్బేలో సెయింట్ నీనో సమాధి. రోడ్డు పొడుగునా చుర్చ్‌ఖెలా దండలు వేలాడుతున్నాయి. దారానికి వాల్‌నట్లు గుచ్చి, పిండి కలిపి కాచిన ద్రాక్ష రసంలో ముంచి ఆరబెట్టినవి. మా అమ్మాయి హాస్టల్ నేస్తాల కోసం పది కొంది, బేరం జార్జియన్‌లోనే.

వైన్ షాపులో కుర్రాడు ఇంగ్లిష్ బాగా మాట్లాడాడు. అరలన్నీ క్వెవ్రి వైన్లే. ‘మొత్తంలో ఇవెంత?’ అంటే, చాలా చిన్న వాటా, నూటికి కొద్ది సీసాలే అన్నాడు. మిగతాదంతా స్టీలు ట్యాంకులదే. రష్యా 2013లో తలుపు తెరిచింది. ఇప్పుడు ఎగుమతుల్లో సగానికి పైగా మళ్లీ అక్కడికే పోతోంది. 2006 ఇంకా ఎవరూ మర్చిపోలేదు కదా అన్నాను. ‘మర్చిపోలేదు. కానీ వాళ్లు కొంటారు, పక్కనే ఉన్నారు’ అన్నాడు. కోపంగా కాదు, ధర చెప్పినంత మామూలుగా.

తిరుగు దారిలో బాబాయ్ ఐదు లీటర్ల ప్లాస్టిక్ క్యాన్ నిండా పోయినేడాది వైన్ నా ఒళ్లో పెట్టాడు. మన కస్టమ్స్ వాళ్లు అనుమతించేది రెండు లీటర్లే. మిగతాది ఓనరమ్మ ఇంట్లో ఖర్చవుతుంది, దానికి ఢోకా లేదు. నేను తొక్కిన బాన ఏప్రిల్లో తెరుస్తారు. అమ్మాయికి అప్పుడు పరీక్షలట. ఒక్క పూట వెళ్లి రుచి చూసి ఎలా ఉందో చెప్పవే అన్నాను. ‘ఫార్మకాలజీ పోతే మీరే మా అమ్మకి చెప్పుకోండి మావయ్యా’ అంది.